మూతి కంటే కన్ను ముఖ్యం

సంపాదకులకు,

తలలో కణితికి విశాఖలో ఆపరేషన్ చేయించుకుని మన జిల్లాకు తిరిగొచ్చేవారిలో కొందరికి మూతి ఓ పక్కకు లాగేసి ఉంటుంది. చెవి నరం మీది కణితి తీసేటప్పుడు దాన్ని ఆనుకునే ఉండే, ముఖాన్ని కదిలించే ఏడో నరం దెబ్బతింటే అలా అవుతుంది. ఇంటిల్లిపాదీ మూతి గురించే బెంగ పడతారు. అసలు ప్రమాదం కంటికి.

రెప్ప మూతపడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. కంటికి స్పర్శనిచ్చే ఐదో నరం కూడా మొద్దుబారి ఉంటే నొప్పే తెలియదు. పగలు డాక్టరు చెప్పినట్టు గంటకో, రెండు గంటలకో కృత్రిమ కన్నీటి చుక్కలు వేయాలి. అన్నిసార్లు వేసేవారు ప్రిజర్వేటివ్ (మందు పాడవకుండా కలిపే రసాయనం) లేనివి అడగడం మేలు. రాత్రి కింది రెప్ప లాగి అర అంగుళం కంటి ఆయింట్‌మెంటు వేసి, వేలితో పై రెప్ప పూర్తిగా దించి, అప్పుడు కాగితం టేపు అంటించాలి. చాలామంది తెరిచిన కంటి మీదే దూది పెట్టి కట్టేస్తారు. ఆ దూదే గుడ్డుకు రాసుకుని గీరేస్తుంది. బండెక్కితే కళ్లజోడు తప్పదు. కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

దెబ్బతిన్న నరం రోజుకు మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరుగుతుంది, నెలలు పడుతుంది. అద్దం ముందు మెల్లగా చేయాల్సిన వ్యాయామం బిగించి చేస్తే, తర్వాత నవ్వినప్పుడల్లా కన్ను మూసుకుపోయే అలవాటు పడొచ్చు. ఇక నాటువైద్యమని వేసే పావురం నెత్తురు పూతల సంగతి చెప్పనక్కర్లేదు!

డిశ్చార్జి కాగితంలో ఈ కంటి జాగ్రత్తలు నాలుగు ముక్కలు తెలుగులో రాసివ్వాలని ఆసుపత్రులను కోరుతున్నాం.

– ఫిజియోథెరపిస్టులు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా