కుడి చేతి పచ్చబొట్టు గురించి

చిరంజీవి కిరణ్‌కి, నాన్న దీవెనలు.

కేంద్ర బలగాల జీడీ (జనరల్ డ్యూటీ) కానిస్టేబుల్ మెడికల్‌లో నీ పచ్చబొట్టు అడ్డమవుతుందని తెలిసి టెన్షన్ పడుతున్నావని అమ్మ చెప్పింది. రూల్ నేనూ చదివాను. ముంజేతి లోపలివైపు ఉంటే ఒప్పుకుంటారు గానీ అది ఎడమ చెయ్యే అయ్యుండాలి, సెల్యూట్ కొట్టే చెయ్యి కాకూడదు. సైజు కూడా ఆ భాగంలో నాలుగో వంతు లోపే ఉండాలి. నీది కుడి చేతికి ఉంది. తీయించుకోక తప్పదు.

అలాగని నీ స్నేహితుడు చెప్పిన యాసిడ్ మందు జోలికి మాత్రం పోకురా. అది సిరాను ఏరి తీయదు, చర్మాన్నే కాల్చేస్తుంది. ఆ మచ్చ జన్మంతా ఉండిపోతుంది.

స్కిన్ డాక్టరమ్మ దగ్గర కూర్చుని అన్నీ అడిగాను. సిరా పైపొర కిందకు దిగి ఉంటుందట. ఒంటిని కాపాడే కణాలు ఆ రేణువుల్ని మింగి అక్కడే పట్టుకుని ఉంటాయి. అవి చచ్చిపోతే పక్క కణాలు అందుకుంటాయి. మీ నానమ్మ చిన్నప్పుడు పొడిపించుకున్నది చివరిదాకా చెరగకపోవడానికి కారణం అదే. లేజర్ ఆ రేణువుల్ని పొడిపొడి చేస్తుంది. ఆ పొడిని మెల్లగా మోసుకుపోవాల్సింది మాత్రం నీ ఒళ్లే. అందుకే సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య 6 నుంచి 8 వారాలు ఆగాలి. నల్ల సిరా బాగానే పోతుంది, ఆకుపచ్చది మొండిది. నీ పచ్చబొట్టు అంచుల్లో ఆకుపచ్చ ఉంది కాబట్టి ఏడాది పైనే పట్టొచ్చు.

మరో సంగతి బాగా గుర్తుపెట్టుకో. మన చామనఛాయలో ఉన్న రంగు కూడా లేజర్‌ని పీల్చుకుంటుంది. పవర్ ఎక్కువైతే తెల్లమచ్చలో నల్లమచ్చలో పడతాయి. మనలాంటి చర్మానికి, నల్ల సిరాకి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ మేలట. ఆకుపచ్చకి వేరే లేజర్ కావాలి, దాంతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కాబట్టి చవగ్గా చేస్తామనే పార్లర్లు వద్దు, చర్మ డాక్టర్ చేతనే చేయించుకుందాం. పొక్కు కడితే గిల్లకూడదు, పుండు మానాక ఎండలోకి వెళ్లేటప్పుడు సన్‌స్క్రీన్ రాసుకోవాలి. పొద్దెక్కాక గ్రౌండ్‌కి వెళ్లడం మానేసి తెల్లవారకముందే పరుగు ముగించు.

ఈ నోటిఫికేషన్‌కి ఇది పూర్తి కాదు. తర్వాతిదానికి నీకింకా వయసుంది, చదువు ఆపకు. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. ఆదివారం బయల్దేరి రా, సోమవారం పొద్దున్నే ఇద్దరం కలిసి వెళ్దాం.

మీ నాన్న