వీధుల్లో మందుగుండు అమ్మకాల నియంత్రణ: మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2025–26

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పెట్టిన శ్రమలో ఎక్కువ భాగం ఒక్క విషయానికే పోయింది. మన వీధుల్లో, ఇళ్ల మధ్య దీపావళి సామాను అమ్మకుండా చూడటం. కాబట్టి నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిది మంది కూలీలు చనిపోయారు. కొన్నాళ్లు మాట్లాడుకున్నాం, తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడిపోయాం. అక్టోబరు 7న మన విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం చూసి ఇళ్లకు చేరాం. మర్నాడే కోనసీమ జిల్లా రాయవరంలో మరో తయారీ కేంద్రంలో పేలుడు, మళ్లీ చావులు. దీపావళి ఇంకా పన్నెండు రోజులుంది. వెంటనే కార్యవర్గ సమావేశం పిలిచాం.

తయారీ కేంద్రాలు మన ఊళ్లో లేవు కదా, మనకెందుకీ గొడవ అని ఒక సభ్యులు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కానీ ప్రమాదం తయారీ దగ్గర ఆగిపోవడం లేదు. 2022 దీపావళి ముందురోజు విజయవాడ జింఖానా మైదానంలో తాత్కాలిక దుకాణాలు తగలబడి ఇద్దరు పోయారు. 2024 దీపావళి నాడు ఏలూరులో స్కూటరు మీద తీసుకెళ్తున్న ఉల్లిపాయ బాంబుల సంచి పేలి, బండి నడుపుతున్న మనిషి అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. ఆ సంచికి ఎవరూ నిప్పు పెట్టలేదు. రోడ్డు మీది గతుకే చాలింది. అలాంటి సంచులే మన వీధి అరుగుల మీద, గ్యాస్ పొయ్యి పక్కన, పిల్లలు ఆడుకునే చోట ఉంటున్నాయి.

సమావేశంలో 2008 పేలుడు పదార్థాల నియమావళిలోని 84వ నియమం పైకి చదివించాం. పండగకు పెట్టే తాత్కాలిక దుకాణాలకు అది వర్తిస్తుంది. షెడ్డు మండని సామగ్రితో కట్టాలి. షాపుకీ షాపుకీ మధ్య కనీసం 3 మీటర్లు, ఇల్లు, బడి లాంటి కట్టడాలకు 50 మీటర్ల దూరం ఉండాలి. షాపులు ఎదురెదురుగా ఉండకూడదు. నూనె దీపం, గ్యాస్ దీపం పనికిరావు. కరెంటు బల్బును వైరుకు వేలాడదీయకూడదు. ఒక్కచోట 50 షాపులకు మించి పెట్టకూడదు. ఇది విన్నాక మన కాలనీ పక్కనున్న ఖాళీ స్థలంలో టేపు పట్టి కొలిచాం. స్థలం మధ్యన నిలబడి ఎటు కొలిచినా, 50 మీటర్ల లోపే ఎవరిదో ఒక గోడ తగులుతోంది. ఇక ఇళ్లను ఆనుకుని ఉన్న మన కిరాణా దుకాణాల సంగతి చెప్పనక్కర్లేదు. లైసెన్సు అడిగినా వచ్చే చోటు కాదది.

సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 23న ఇచ్చిన తీర్పు కూడా సభ్యులకు వివరించాం. లైసెన్సు ఉన్న వ్యాపారులే అమ్మాలి. ఆన్‌లైన్ అమ్మకం కూడదు. వెయ్యి వాలా, పదివేల వాలా లాంటి సరాలు, బేరియం అనే రసాయనం కలిపిన సామాను నిషిద్ధం. ఫోన్లో ఆర్డరు పెట్టి తెప్పించుకోవడం తప్పని మన కుర్రాళ్లలో చాలామందికి అప్పటిదాకా తెలియదు.

అసలు చిక్కు మన ప్రాంతంలోనే ఉంది. మిగతా చోట్ల దీపావళి రాత్రితో సందడి ముగుస్తుంది. ఉత్తరాంధ్రలో నాగులచవితికి మళ్లీ కాలుస్తాం. దివిటీలు తిప్పే పిల్లలు "దుబ్బు దుబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అని పాడేది అందుకే. ఈసారి దీపావళి అక్టోబరు 20న, నాగులచవితి 25న వచ్చాయి. తాత్కాలిక దుకాణాలు ఎత్తేశాక మిగిలిన సరుకు ఎక్కడికి పోతుంది? మంచాల కిందికి, మేడ మెట్ల కిందికి, కిరాణా కొట్టు అటక మీదికి. దీపావళికి ముందు మైదానంలో తనిఖీలైనా ఉంటాయి. ఈ ఐదు రోజులూ ఇళ్లలో ఉన్న సరుకును చూసేవాళ్లే లేరు. నా మటుకు నేను అన్నిటికంటే భయపడేది ఈ ఐదు రోజులకే.

మన రెండో వీధి మలుపులో కిరాణా నడిపే ఆమె దుకాణానికి వెళ్లినప్పుడు చూశాం. మడత మంచం మీద ప్లాస్టిక్ పట్టా, దాని మీద చిచ్చుబుడ్లు, భూచక్రాలు, పేరూ ఊరూ లేని బాంబుల పొట్లాలు. ఒక పొట్లం చిరిగి బూడిదరంగు మందు పట్టా మీదికి కారింది. నాలుగు అడుగుల అవతల బజ్జీల బండి మీద మూకుడు కాగుతోంది. విషయం చెప్తే ఆమె వాదించలేదు. "నిజవే బాబూ, కానీ పెట్టుబడి పెట్టేసినాను. పండగ నాలుగు రోజులే కదా మాకు యాపారం?" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. అమ్మొద్దని చెప్పి చేతులు దులుపుకుంటే ఆ నష్టం పేదమనిషి నెత్తిన పడుతుంది. సరుకిచ్చిన లైసెన్సు వ్యాపారితో మాట్లాడితే, ఆయన పెద్దమనసుతో వెనక్కి తీసుకున్నారు. చిరిగిన పొట్లాన్ని ఆయన మనిషే తడిపి పట్టుకెళ్లాడు. బదులుగా ఆ మంచం మీదే ప్రమిదలు, ఒత్తులు, నువ్వులనూనె, దివిటీలకు గోగుకర్రలు అమ్మమని చెప్పాం. మన సభ్యుల ఇళ్లవాళ్లందరూ ఆమె దగ్గరే కొన్నారు. మిగతా కొట్లవాళ్లూ దాదాపు అందరూ మానుకున్నారు. ఒకరు మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. వచ్చే ఏడు మళ్లీ మాట్లాడతాం.

పండగ వద్దనే ఆలోచన సంఘానికి లేదు. పెద్దలు కొందరు అలా అనుకుని నొచ్చుకున్నారు కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను. మతాబులు వెలగాలి, పిల్లలు కాకరపువ్వొత్తులు పట్టుకోవాలి. కొనేది మాత్రం ఇళ్లకు దూరంగా, అనుమతి ఉన్న మైదానంలో కొనాలి. ఏ పండగకు కావలసింది ఆ పండగకే కొనాలి. ఇంట్లో నిల్వ పెట్టకూడదు.

కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాం. తాత్కాలిక దుకాణాలను జనావాసాలకు దూరంగా పెట్టించాలని, దీపావళికీ నాగులచవితికీ మధ్య వీధి అమ్మకాలపై తనిఖీ జరపాలని కోరాం. రసీదు దాచాం. వచ్చే ఏడాది వినాయక చవితి వెళ్లగానే మళ్లీ కదలాలి, దసరా దాటితే దుకాణాల స్థలాలు ఖాయమైపోతాయి.

మిగతా పనులు: వర్షాలకు ముందు మురుగు కాలువల్లో పూడిక తీయించాం. అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు పల్లపు వీధిలో నిలిచిన నీటిని మోటారు పెట్టి తోడించాం. వీధి దీపాల ఫిర్యాదులు కొన్ని తీరాయి, కొన్ని తీరలేదు. జమాఖర్చులు కోశాధికారి సభలో చదువుతారు.

మహాసభ ముందు పెడుతున్న తీర్మానాలు మూడు. కాలనీ లోపల మందుగుండు అమ్మకానికి ఎవరూ అరుగు గానీ, గది గానీ అద్దెకివ్వకూడదు. మానుకున్న చిన్న దుకాణదారులకు ప్రమిదల సరుకు కోసం సంఘం నిధి నుంచి వడ్డీ లేని చేబదులు ఇవ్వాలి. పండగ రోజుల్లో ప్రతి వీధికీ రెండు ఇసుక బకెట్లు, నీళ్ల డ్రమ్ము పెట్టే బాధ్యత ఆ వీధి ప్రతినిధి తీసుకోవాలి. రెండో తీర్మానానికి డబ్బు కావాలి కాబట్టి, బకాయి ఉన్న సభ్యులు సభ రోజుకల్లా చందా చెల్లించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం, విజయనగరం