స్టెప్నీని ఏ భాష ఖాతాలో రాస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి జయంతి, దగ్గరపడగానే సభల్లోనూ పత్రికలకొచ్చే ఉత్తరాల్లోనూ ఒక మాట గట్టిగా వినబడుతుంది. తెలుగులో చేరిన ఇంగ్లీషు మాటల్ని ఏరిపారేయాలని. ఆ బాధ నాకూ ఉంది. టీవీలో ‘మార్నింగ్ లేచి వాకింగ్ కంప్లీట్ చేసి’ అని మొదలుపెడితే రిమోట్ కోసం వెతుక్కుంటాను. కాకపోతే ఏరేవాళ్ళని ఒకటి అడగాలనుంది. స్టెప్నీని ఏ బుట్టలో వేస్తారు?

ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల వ్యాపారం చేసినవాణ్ణి నేను. మా దగ్గర స్టెప్నీ అన్నది బడి మొహం చూడని క్లీనరు నోట కూడా పలికే మాట. ఇంగ్లండులో మాత్రం ఎవరినైనా ఆపి స్టెప్నీ ఎక్కడ అని అడిగితే, లండన్ తూర్పున ఆ పేరుతో ఉన్న పేటకి దారి చూపిస్తారు. మన స్టెప్నీకి ఆ పేటతో చుట్టరికం లేదు. దాని పుట్టిల్లు వేల్స్‌లోని లానెల్లీ. తొలినాటి కార్లకి చక్రం ఊడదీసి మార్చే వీలుండేది కాదు. పంక్చరైతే దారిలోనే కూలబడి టైరు విప్పి అతుకు వేసుకోవాల్సిందే. 1904లో లానెల్లీలో థామస్ మోరిస్ డేవిస్ అనే ఆయన దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఆకులు, అంటే స్పోకులు, లేని ఒక రిమ్ము, దానిమీద ముందే గాలి కొట్టి ఉంచిన టైరు. గాలి పోయిన చక్రం జోలికి పోకుండా, దాని పక్కనే దీన్ని బిగించేసి బండి నడుపుకోవచ్చు. ఆయన పనిచేసిన వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఆ పేరే కంపెనీకి పెట్టారు, కంపెనీ పేరు సరుక్కి అంటుకుంది. సరుకు కార్లతో పాటు మన దేశానికీ దిగింది.

తర్వాత పూర్తిగా ఊడదీసి మార్చుకునే చక్రాలొచ్చాయి. డేవిస్ గారి రిమ్ముతో పని లేకుండా పోయింది. వస్తువుతో పాటు మాటనీ ఆ దేశం మరిచిపోయింది. మనవాళ్ళు మాత్రం వస్తువు పోయినా పేరు వదల్లేదు, తీసుకొచ్చి కొత్త చక్రానికి తగిలించారు. బ్రెజిల్ వాళ్ళూ ఇదే పని చేశారు, వాళ్ళు దాన్ని ఎస్తెపి అంటారు. పుట్టిన దేశంలో చచ్చిపోయి మన లారీ కింద వేలాడుతున్న ఈ మాటని ఇంగ్లీషు మాట అనడం ఏ లెక్కన న్యాయం?

డిక్కీ కథా అంతే. గుర్రపు బగ్గీకి బయటివైపున నౌకరు కూర్చునే ఆసనాన్ని ఇంగ్లీషువాళ్ళు డిక్కీ అనేవారు. పాత కార్లలో వెనకవైపు తెరిచి మూసే మడత సీటుకి ఆ పేరు మారింది. ఆ సీట్లే పోయాక అక్కడ సామాను పెట్టుకోవడం మొదలైంది. వాళ్ళు బూట్ అన్నారు, మనం డిక్కీ దగ్గరే ఆగిపోయాం. ఫర్లాంగు అంటే నాగటి చాలు పొడవు, 220 గజాలు. మైళ్ళ లెక్క పోయి కిలోమీటర్లు వచ్చి ఇంతకాలమైనా మా ఊళ్ళో పెద్దవాళ్ళకి చెరువు ఇంకా రెండు ఫర్లాంగుల దూరంలోనే ఉంది. ఇక టిఫిన్. 18వ శతాబ్దపు ఇంగ్లండులో టిఫింగ్ అంటే భోజనం వేళ కాని వేళ ఏదో కాస్త తాగడం, తినడం. 1785లో అచ్చయిన గ్రోస్ గారి యాస మాటల నిఘంటువులో అది ఉంది. ఇక్కడికొచ్చిన దొరలు దాన్ని తేలికపాటి మధ్యాహ్న భోజనం చేశారు. మనం పొద్దున్నకి జరిపి పక్కన అల్లప్పచ్చడి పెట్టాం.

ఎదురుదారిలో వెళ్ళినవీ ఉన్నాయి. మన పందికొక్కు ఇంగ్లీషులో బాండికూట్ అయింది. దాన్ని పోలి ఉందని ఆస్ట్రేలియాలో పిల్లల్ని సంచిలో మోసే ఒక జంతువుకి అదే పేరు తగిలించారు. మన కొక్కు జాతికి 1873లో పెట్టిన శాస్త్రీయ నామం బాండికోటా. అంతకన్నా విచిత్రం మన భాష పేరే. మద్రాసులో తెల్లవాళ్ళు తెలుగుని చాలాకాలం జెంటూ అన్నారు. పోర్చుగీసువాళ్ళు అన్యమతస్థుల్ని పిలిచే జెంటియో అనే మాట నుంచి వచ్చింది అది. 1816లో మద్రాసులో కాంప్‌బెల్ వేసిన తెలుగు వ్యాకరణం పేరులోనే ‘జెంటూ అని సాధారణంగా పిలిచే’ అని వివరణ ఉంది. ఆ అర్థంలో జెంటూ ఇప్పుడు ఇంగ్లీషులో చచ్చిన మాట. దక్షిణ ధ్రువం వైపు బతికే ఒక పెంగ్విన్‌ని మాత్రం ఇంకా అలా పిలుస్తున్నారు.

ఇవన్నీ నాకు తెలిశాయంటే ఇంగ్లీషువాళ్ళు రాసి పెట్టుకున్నారు కాబట్టి. 1857లో లండన్‌లో ఫైలలాజికల్ సొసైటీ అనే భాషావేత్తల సంఘం ఇలాంటి నిఘంటువు ఆలోచన మొదలుపెట్టింది. 1884లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మొదటి భాగం వచ్చింది, 1928కి గానీ పూర్తి కాలేదు. మాట ఏ యేట మొదట అచ్చులో కనబడిందో, ఏ వాక్యంలోనో చూపించాలి. వాడుకలోంచి పోయిందని తీసేయడం లేదు, పక్కన చిన్న బాకు గుర్తు పెట్టి ఉంచుతారు. దానికి వాక్యాలు ఏరి చీటీల మీద రాసి పంపినవాళ్ళలో ఎక్కువమంది మామూలు పాఠకులే. వాళ్ళలో ఒకాయన, అమెరికా సైన్యంలో డాక్టరుగా చేసిన విలియం మైనర్, హత్య కేసులో బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రిలో ఉంటూనే వేల చీటీలు పంపాడు.

పుట్టుక రాయడం అలంకారం కోసం కాదు. 1934లో అమెరికాలో వచ్చిన వెబ్‌స్టర్ నిఘంటువులో సాంద్రత అనే అర్థంతో డోర్డ్ అని ఒక మాట దూరింది. అలాంటి మాటే లేదు. పెద్ద డి గానీ చిన్న డి గానీ సాంద్రతకి గుర్తు అని చెప్పడానికి ఇంగ్లీషులో ‘D or d’ అని రాసిన చీటీని ఎవరో ఒకే పదంగా చదివేశారు. 1939లో ఒక సంపాదకుడు దానికి పుట్టుక రాసి లేదేమిటా అని ఆరా తీస్తేగానీ దొంగ దొరకలేదు.

మన సంగతి చూద్దాం. కచేరీల్లో, వ్యవహారంలో తెలుగుతో కలిసిపోయిన పరాయి మాటల కోసమే బ్రౌన్ దొర 1854లో ఒక ప్రత్యేక నిఘంటువు అచ్చు వేశాడు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలతో వ్యవసాయ పదకోశం తెచ్చారు, 1971లో చేనేత మాటల సంపుటం వచ్చింది. దారి వేసినవాళ్ళు లేకపోలేదు. కానీ ఒక తెలుగు మాట ఏ యేట పుట్టి ఏ యేట పోయిందో చెప్పే పెద్ద నిఘంటువు కోసం నా అల్మారాలో వెతికితే నాకు దొరకలేదు. స్టెప్నీ అసలే దొరకలేదు. సవరల మాటల్ని వాళ్ళ నోటినుంచే విని నిఘంటువు కట్టిన గిడుగు గారి జయంతినాడు, జనం నోట్లో ఉన్న మాటల్ని ఏరిపారేయమనడం నాకు అర్థం కావడం లేదు.

రెండు రాష్ట్రాల తెలుగు విశ్వవిద్యాలయాలు, అధికార భాషా సంఘాలు ఈ పని కలిసి చేపట్టాలి. మన మాటల కోసం రాష్ట్రాల సరిహద్దు అడ్డం పెట్టుకోనక్కర్లేదు. కృష్ణా పత్రిక 1902లో, ఆంధ్ర పత్రిక 1908లో మొదలయ్యాయి. వాటి పాత సంచికల్లోని మోటారు కంపెనీల ప్రకటనలు చదివితే చాలు, స్టెప్నీ లాంటి మాటలు తెలుగు లిపిలోకి ఎప్పుడొచ్చాయో తేలడం మొదలవుతుంది. ప్రభుత్వం కదిలేదాకా మీరైనా వారానికి ఒక అర కాలమ్ ఇవ్వండి. పాఠకులు మాట, అది ఉన్న వాక్యం, పత్రిక లేదా దస్తావేజు పేరు, తేదీ రాసి పంపుతారు. తేదీ లేని చీటీ వేయకండి. లారీ వాళ్ళ మాటల సంగతి మా పేట వాళ్ళం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆటోనగర్, విజయవాడ