కిందికి దిగి తిను నాయనా

చిన్నా,

నిన్న సింగపూర్ నుంచి ఫోన్‌లో "ఓపిక లేదమ్మా, తిండి రూముకే తెప్పించుకుంటున్నా" అన్నావు. అప్పుడు రాత్రి టిఫిన్ల రద్దీ, పెనం ముందు నుంచి కదలడానికి లేదు, సరేలే అని పెట్టేశా. కొట్టు కట్టేసి ఇంటికొచ్చి పడుకున్నా ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. అందుకే కూర్చుని రాస్తున్నా, పొడుగైనా ఓపిగ్గా చదువు.

వంట చేసుకో అని చెప్పబోవడం లేదు. పొద్దున పోయి రాత్రికి వచ్చేవాడివి, పైగా ఇంటి ఓనరు పోపులూ వేపుళ్లూ పెట్టొద్దని ముందే చెప్పాడు. బయట తినడం తప్పని మన ఇంట్లో ఎవరూ అనకూడదు కూడా, బయట తినేవాళ్ల వల్లే కదా మన ఇల్లు నిలబడింది, నీ ఇంజనీరింగ్ ఫీజు కట్టింది దోశల మీద వచ్చిన డబ్బుతోనే. నేను చెప్పేదల్లా ఒకటే. డబ్బాలో వచ్చింది తలుపేసుకుని తినొద్దు, కిందికి దిగి, కొట్టు దాకా నడిచి, వండేవాళ్లను చూసి, నలుగురి మధ్య కూర్చుని తిను.

పోయిన నెల వాంతులతో పడుకున్నావు గుర్తుందా. మధ్యాహ్నం తెప్పించిన ఫ్రైడ్ రైస్ సగం తిని, మిగతాది టేబుల్ మీద వదిలేసి, రాత్రి మైక్రోవేవ్‌లో పెట్టుకుని తిన్నావు. వేడి చేశా కదమ్మా అన్నావు. వేడి చేస్తే అన్నీ పోవు నాయనా. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అని ఒక బ్యాక్టీరియా ఉంటుంది, దాని స్పోర్లు అన్నం ఉడికినా చావవు. వండిన అన్నం అలా గది వేడిలో గంటల తరబడి ఉంటే అది పెరిగి విషం వదులుతుంది, ఆ విషం మళ్లీ ఎంత వేడి చేసినా పోదు. చద్దన్నం తిని పెరిగాం కదా అని ఆ మాట ఎత్తకు, అది నీళ్లు పోసి పులియబెట్టింది, ఇది నూనెలో వేయించి ప్లాస్టిక్ డబ్బాలో మూత పెట్టింది. మీ సింగపూర్‌లో కేటరింగ్ వాళ్లు ఎన్ని గంటల్లోపు తినాలో టైము వేసి ఇవ్వాలని రూలు పెట్టింది ఇందుకే. వండింది ఏదైనా 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో 4 గంటలకు మించి ఉండకూడదు అని లెక్క. మన కొట్టులో మధ్యాహ్నం దాటిన చట్నీని మీ నాయన పారబోయిస్తాడు చూడు, డిగ్రీలు తెలియకపోయినా అదే లెక్క.

మేము నీ దగ్గరకు వచ్చినప్పుడు టెక్కా సెంటర్‌కు తీసుకెళ్లావు, తిండి కొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్ అది. నువ్వు ఫొటోలు తీస్తున్నావు, నేను మాత్రం కుళాయిలు చూస్తున్నా. ప్రతి కొట్టుకూ లోపల కుళాయి, కాలవ, కరెంటు. ఆ రోజు నీకు చెప్పలేదు గానీ నాకు కళ్లు చెమర్చాయి. మన బండి రోజులు నీకు సరిగా తెలియవు, నువ్వప్పుడు బండి కింద గోనెపట్టా మీద పడుకునేవాడివి. నీళ్లు బిందెలతో మోసుకురావాలి, ప్లేట్లు రెండు బకెట్లలో ముంచి తీయాలి. రొట్టెల పండగకు బారాషహీద్ దర్గా దగ్గర బండి పెడితే ఆ జనానికి పిండి కంటే ముందు నీళ్లు అయిపోయేవి. ఎవరైనా వచ్చి ఇక్కడ తీసెయ్ అంటే మండుతున్న స్టవ్ ఆపి పెనం వేడిగా ఉండగానే బండి తోసుకుపోవాలి.

అక్కడ కూడా ఒకప్పుడు ఇలాగే రోడ్ల మీదే అమ్మేవాళ్లట. 1968, 69లో వీధుల్లో అమ్మేవాళ్లందరి పేర్లూ రాయించి లైసెన్సులు ఇచ్చి, 1971 నుంచి 1986 దాకా సెంటర్లు కట్టి నీళ్లూ కాలవలూ పెట్టి అందరినీ వాటిలోకి మార్చారు. తరిమేయలేదు, చోటు ఇచ్చారు. అందుకే తాతల నాటి వంట ఇంకా మిగిలింది, 2020లో యునెస్కో ఆ హాకర్ సెంటర్ల తిండినీ పద్ధతినీ తన వారసత్వ జాబితాలోకి తీసుకుంది. బండి మీద బతికినదాన్ని కాబట్టి నాకు అది చాలా పెద్ద సంగతి. నువ్వు దాని పక్కనే ఇల్లు తీసుకుని ఫోన్‌లో బొమ్మ చూసి ఆర్డరు పెడుతున్నావు.

కొట్టు ఎలా ఎంచుకోవాలంటావా, అది నాకు వదిలెయ్. పెద్ద బోర్డు మీద నలభై రకాలు రాసిన కొట్టు కంటే ఒకటో రెండో చేసే కొట్టుకు వెళ్లు. ఒక్కటే చేసేవాడి దగ్గర సరుకు నిలవ ఉండదు. లైను చూడు, ఆ లైనులో ఆఫీసు వాళ్లే కాదు, కాళ్లకు చెప్పులేసుకుని చేతిలో కూరల సంచీతో వచ్చిన ఆ వీధి ముసలివాళ్లు ఉన్నారా చూడు, వాళ్లుంటే రేటూ రుచీ రెండూ నిఖార్సు. మూకుట్లో నూనె నల్లగా ఉండి పొగ కమురు కొడుతుంటే వెనక్కి తిరుగు. తుడిచే గుడ్డ చూడు, నేనైతే ముందు అదే చూస్తా. 1997 నుంచి కొట్లకు ఏ, బీ, సీ, డీ అని శుభ్రతకు గ్రేడులు ఇస్తూ వచ్చారట, మేము వచ్చినప్పుడు ఆ కాగితాలు చూశాం, బీ ఉన్న కొట్టు ముందే పొడవాటి లైను కూడా చూశాం. కాగితం కంటే గుడ్డే నాకు నమ్మకం.

చికెన్ రైస్ చప్పగా ఉందని సగం వదిలేశావు ఆ రోజు. నేను మాత్రం ఆ కొట్టు పెద్దాయన చేతులే చూస్తూ నిలబడ్డా. ఉడికించిన కోడిని చల్లటి నీళ్లలో ముంచి తీసి కొక్కేనికి తగిలిస్తారు, దాంతో తోలు బిగుసుకుని లోపల మాంసం మెత్తగా ఉంటుంది. ఆయన ఒక్కో కోడిని దించి మొద్దు మీద పెట్టి, వెడల్పాటి కత్తితో టకటకా నరికి, కత్తి మీదే ముక్కలన్నీ ఎత్తి అన్నం పక్కన చెదరకుండా జార్చేశాడు, అంతసేపూ తల ఎత్తలేదు. అన్నం ఉత్త అన్నం కాదు, కోడి కొవ్వులో అల్లం, వెల్లుల్లి వేయించి, ఆ కోడి ఉడికిన నీళ్లతోనే పాండన్ అనే సువాసన ఆకు వేసి వండుతారు. పక్కన ఇచ్చే ఎర్ర పచ్చడీ అల్లం ముద్దా కలపకుండా తింటే చప్పగా కాక ఎలా ఉంటుంది? ఈసారి కలుపుకుని తిను. నెల్లూరు కారం దోశ తిన్న నాలుక కాబట్టి ఆ పచ్చడి ఇంకో గరిటె అడుగు, తిట్టరు.

టెక్కాలో పరాటా పొద్దున్నే తిను, పిండి అప్పుడు బాగా నానుతుంది. పప్పు కాకుండా చేపల కూర పొయ్యమను. చింతపండు పులుపు వేసిన కూర కాబట్టి నీకు ఇంటి మీద బెంగ కాస్త తగ్గుతుంది. చేప తలకాయ కూర కూడా దొరుకుతుంది కదా, కేరళ నుంచి వెళ్లినాయన ఒకరు అక్కడి చైనా వాళ్ల కోసం మొదలుపెట్టాడని చెబుతారు. బెండకాయా వంకాయా వేసి చేస్తారు, ఆ పులుసులో మామిడికాయ ముక్క పడితే మన చేపల పులుసుకు చుట్టమే. అది పెద్ద గిన్నెలో ఇస్తారు, ఒక్కడివే తినలేవు, ఆఫీసులో ఎవరినైనా పిలుచుకుపో. మన పిల్లోడు తలకాయ ఎలా తినాలో నలుగురికి నేర్పించనీ.

శనివారం జాగ్రత్త. నువ్వు ఇంకా శనివారాలు నీచు ముట్టవు కదా, అక్కడ ఆకుకూర కదా అని సంబల్ కాంగ్‌కాంగ్ తెప్పించుకోకు. ఆ కాంగ్‌కాంగ్ మన చెరువుల్లో పెరిగే తూటికూరే, కానీ వేయించే కారంలో రొయ్యల ముద్ద వేస్తారు. వాసన రాగానే నాకు తెలిసిపోయింది, మన ఎండు రొయ్యలు ఎక్కడున్నా దాక్కోవు. నూడుల్స్ కొట్ల దగ్గర పంది కొవ్వులో వేయిస్తారు కొన్నిచోట్ల, అడిగి తెలుసుకో. శనివారానికి సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఉంది, మన నెల్లూరులోనూ ఆ పేరు హోటల్ ఉంది కాబట్టి నీకు మర్చిపోయే పని లేదు. మిగతా రోజుల్లో లక్సా అనే కొబ్బరిపాల నూడుల్స్ తింటే అందులో వేసే చిన్న గుల్లలు వద్దని చెప్పు, అవి అరకొరగా ఉడికిస్తారు, నీ కడుపు కుదుటపడేదాకా వాటి జోలికి పోవద్దు.

కాఫీ సంగతి గట్టిగా చెబుతున్నా, మీ నాయనకు షుగర్ ఉంది, మీ తాతకు ఉండేది. అక్కడ ఉత్త కొపి అంటే తియ్యటి డబ్బా పాలు పోస్తారు, రోజుకు మూడు కప్పులంటే నువ్వే లెక్కేసుకో. కొపి సి కొసాంగ్ అని అడుగు, తీపి లేని పాలు పోసి చక్కెర వెయ్యకుండా ఇస్తారు. పాలు కూడా వద్దనుకుంటే కొపి ఓ కొసాంగ్. ఈ ఒక్కటి మాత్రం నా మాట తీసెయ్యకు.

తిన్నాక ప్లేటు నువ్వే తీసుకెళ్లి పెట్టు. 2021 సెప్టెంబరు నుంచి అక్కడ అది చట్టం, మొదటిసారి హెచ్చరిస్తారు, మళ్లీ దొరికితే 300 డాలర్ల ఫైన్. ఫైన్ కోసం కాదు, ఎంగిలి ప్లేట్లు తీసే ఆ పెద్దవాళ్ల నడుములు చూశా నేను. హలాల్ ట్రేలు పెట్టే అర వేరుగా ఉంటుంది, కలిపెయ్యకు.

డబ్బు లెక్క కూడా చూసుకో. నాలుగైదు డాలర్లకు వచ్చే ప్లేటును నువ్వు డెలివరీ చార్జీ కలిపి పది దాటించి తింటున్నావు, అది చల్లారి, ఆవిరికి మెత్తబడి వస్తుంది. మన దోశను డబ్బాలో మూత పెట్టి అరగంట తర్వాత తిన్నవాళ్లకు మన దోశ ఏం తెలుస్తుంది చెప్పు. చవగ్గా ఉందని తక్కువ చెయ్యకు కూడా, 2016లో హోటళ్లకు నక్షత్రాలు ఇచ్చే మిషెలిన్ గైడ్ వాళ్లు సింగపూర్‌లో రెండు హాకర్ కొట్లకు నక్షత్రం ఇచ్చారు, అందులో ఒకాయన అమ్మేది చికెనూ అన్నమే. ఆ వార్త చదివిన రోజు మీ నాయన కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చెప్పాడు.

అసలు నేను రాయాలనుకున్నది ఇప్పుడు రాస్తున్నా. మన కొట్టుకు రోజూ రాత్రి వచ్చే బ్యాంకు అబ్బాయి ఉన్నాడు కదా, ఒంగోలు వైపు వాడు, ఒక్కడే రూములో ఉంటాడు. రెండు ఇడ్లీ, ఒక కారం దోశ, ఎప్పుడూ అంతే. ఈ మధ్య వరసగా కనపడకపోతే మీ నాయన ఫోన్ చేశాడు. జ్వరంతో పడి ఉన్నాడు, నీళ్లు ఇచ్చే దిక్కు లేదు. ఇడ్లీ, వేడినీళ్లు పంపి, మన సప్లయర్‌ను తోడిచ్చి ఆస్పత్రికి పంపాం. వాళ్లమ్మ ఫోన్ చేసి ఏడ్చింది, ఏం మాట్లాడాలో తెలియక నేనూ ఏడ్చా. ఆ అబ్బాయి రోజూ యాప్‌లో తెప్పించుకునేవాడైతే ఎవరికి తెలిసేది? డబ్బా తెచ్చినవాడు గుమ్మం దగ్గర పెట్టి పోతాడు, రేపు వేరేవాడు వస్తాడు.

నువ్వు వాంతులతో పడుకున్న విషయం నాకు మూడో రోజుకు తెలిసింది. అందుకే అడుగుతున్నా, అక్కడ ఒక కొట్టుకు వాడుకగా వెళ్లు. ఒకే కొట్టు, ఒకే టైము, వారంలో నాలుగు రోజులైనా. అంకుల్, ఆంటీ అని పిలుస్తారు కదా అక్కడ కూడా, పిలువు. తిన్నావా అని వాళ్లు అడగకపోయినా నువ్వు అడుగు. ఆ కొట్ల వాళ్లు చాలామంది అరవై దాటినవాళ్లే, పిల్లలు ఉద్యోగాలకు పోయి ఉంటారు, మాకు నువ్వు లేవూ, అలాగే. నాకు తెలిసి రోజూ ఒక మొహం చూసేవాళ్లు ఆ మొహం కనపడకపోతే వెతుకుతారు, ఏ దేశంలోనైనా పొయ్యి ముందు నిలబడేవాళ్లకు అది అలవాటు. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంటే అది ఎవరో ఆపుకున్న చోటు, అక్కడ కూర్చోకు, కానీ ఎదురుగా ఖాళీ ఉంటే అడిగి కూర్చో, ఎవరూ ఏమీ అనుకోరు. ఫోన్ జేబులో పెట్టుకుని తిను.

కొట్టు ఎంచుకునే ముందు వాళ్లకు సెలవు ఏ రోజో చూసుకో, చాలామంది సోమవారం మూసేస్తారు, కొందరు సరుకు అయిపోగానే మధ్యాహ్నమే కట్టేస్తారు. నువ్వు ఆఫీసు నుంచి వచ్చే టైముకు తీసి ఉండేది కావాలి మనకు.

ఆదివారం వీడియో కాల్ సెంటర్‌లోంచి చెయ్యి, రూములోంచి కాదు. ఏ కొట్టు పెట్టుకున్నావో చూపించు, ఆ అంకుల్ వీలుగా ఉంటే మీ నాయన ఒకసారి నమస్కారం పెడతానంటున్నాడు. పప్పుల పొడీ ఎర్రకారమూ మీ మామయ్య కొడుకు వచ్చే వారం వస్తున్నాడు కదా, వాడితో పంపిస్తున్నా. పొడిలో ఈసారి వెల్లుల్లి తక్కువ వేశా, మీ ఆఫీసులో వాసన అన్నావని.

మీ అమ్మ