సగమే చెప్పిన ప్రకటనపై ఫిర్యాదు

ఒంగోలు

కస్టమర్ కేర్ అధికారి గారికి,

విషయం: 70–300 ఎంఎం జూమ్ లెన్సు ప్రకటన తప్పుదోవ పట్టించడం, సొమ్ము వాపసు కోరడం.

అయ్యా,

ఫొటోగ్రఫీ కొత్తగా నేర్చుకుంటున్న మా అమ్మాయి కోసం మీ ఆన్‌లైన్ దుకాణంలో పై లెన్సు కొన్నాను. "ఎఫ్/4 అపర్చర్, తక్కువ వెలుగులోనూ స్పష్టమైన ఫొటోలు" అనీ, "స్టెబిలైజర్ ఉన్నందున పరుగెత్తేవాటిని కూడా చెదరకుండా తీయవచ్చు" అనీ మీ ప్రకటనలో ఉంది. ఆ రెండు మాటలూ నమ్మే డబ్బు కట్టాం. (అపర్చర్ అంటే లెన్సులో వెలుగు లోపలికి వచ్చే తెరుపు; ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతుంది.)

సంక్రాంతికి మా ప్రాంతంలో జరిగిన ఎడ్ల బండలాగుడు పోటీలను సాయంత్రం పూట జూమ్‌ను దూరానివి బాగా దగ్గరగా చూపే 300 దగ్గర పెట్టి తీస్తే, బరి చుట్టూ పాతిన కర్రలూ, వెనక నిలబడ్డ జనమూ చక్కగా వచ్చారు గాని గిత్తల కాళ్లూ, మూపురాలూ అలుక్కుపోయాయి.

కారణం లెన్సు ముందు అంచు మీదే "1:4–5.6" అని సన్నటి అక్షరాల్లో ఉంది. 70 దగ్గర ఎఫ్/4 వరకు తెరుచుకునే ఈ లెన్సు 300 దగ్గరకు వచ్చేసరికి ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు కాబట్టి, సెన్సార్ మీద పడే వెలుగు సగానికి పడిపోయి, అదే ఐఎస్ఓలో (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిలో) షట్టర్‌ను రెట్టింపు సేపు తెరిచి ఉంచవలసి వస్తుంది, ఆలోగా కదిలినవి అలుక్కుపోతాయి. దూరాన ఉన్నదాన్ని తీయడానికే ఎవరైనా ఇలాంటి లెన్సు కొంటారు. అటువంటప్పుడు ఆ 5.6ను ప్రకటనలో ఎక్కడా చూపకపోవడం చాలా అన్యాయం. ఇక స్టెబిలైజర్ సరిచేసేది చేతి వణుకును మాత్రమే. ఉరికే గిత్త చెదరకుండా రావాలంటే షట్టర్ సెకనులో 500వ వంతో, అంతకన్నా తక్కువో తెరుచుకోవాలి.

లెన్సులో లోపం లేదు గనుక వాపసు కుదరదని మీ సిబ్బంది జవాబిచ్చారు. లెన్సు చెడిపోయిందని నేను ఎక్కడా అనలేదు. నా ఫిర్యాదు ప్రకటన మీద. "కొత్తగా నేర్చుకునేవారికి" అని మీరే రాసి అమ్మారు, వాళ్లకేమో మీ మాట తప్ప వేరే ఆధారం ఉండదు.

కాబట్టి లెన్సు తీసుకొని పూర్తి సొమ్ము చెల్లించాలనీ, రెండు అపర్చర్ అంకెలూ కనిపించేలా ప్రకటనను సరిదిద్దాలనీ, స్టెబిలైజర్ గురించిన వాక్యం తొలగించాలనీ కోరుతున్నాను. పెట్టెలో ఈ గుర్తుల అర్థం తెలుగులో చెప్పే కాగితం ఒకటి పెడితే మా వంటివారికి ఎంతో మేలు. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలిపి, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

జతపరచినవి: బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్, ఫొటోలు.

ఇట్లు,
మీ వినియోగదారుడు