ఐటీ మంత్రి గారూ, బగ్ చూపించినవాడు ఎవరి మనిషని అడగొద్దు

తెలంగాణ ఐటీ శాఖ మంత్రి శ్రీ దుద్దిళ్ల శ్రీధర్‌బాబు గారికి నమస్కారం.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. ఏ పార్టీలోనూ లేను. ఈ మాట ముందే చెప్పుకోవాల్సి రావడమే ఈ ఉత్తరానికి సగం కారణం. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఫలానా చోట లోపం ఉందని ఎవరైనా ఆన్‌లైన్‌లో రాస్తే, కింద వచ్చే మొదటి ప్రశ్న ఆ లోపం గురించి ఉండదు. రాసినవాడు ఎవరి మనిషి అని ఉంటుంది. పాత ప్రభుత్వం ఉన్నప్పుడు ఎక్కడికి పోయావని ఒకరు అడుగుతారు. ఎంత ముట్టిందని ఇంకొకరు. సాయంత్రానికి రెండు పార్టీల సోషల్ మీడియా వాళ్లూ దిగిపోతారు. మర్నాటికి అసలు విషయం ఏమిటో ఎవరికీ గుర్తుండదు. లోపం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

వాదనల్లో మా డెవలపర్లు కూడా తక్కువ తినలేదు. కోడ్‌లో లైను ముందు ఖాళీ వదలడానికి ట్యాబ్ నొక్కాలా, స్పేస్ నొక్కాలా అని దశాబ్దాలుగా కొట్టుకుంటున్నాం. (నాది స్పేస్ పక్షం. దీని మీద నాతో వాదనకు రావద్దని మనవి.) కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్లలో వీఐ గొప్పదా, ఈమాక్స్ గొప్పదా అన్న గొడవ నేను పుట్టకముందే మొదలైంది, నేను పోయాక కూడా ఉంటుంది. అయితే అలవాట్ల మీద జరిగే ఈ గొడవలు వేరు, కోడ్ మీద జరిగే వాదన వేరు. "ఈ లైను తప్పు, ఇదిగో టెస్ట్, నువ్వే నడిపి చూసుకో" అని ఎవరైనా చూపిస్తే, ఎంత సీనియరైనా దిద్దుకోవాల్సిందే. చూపించింది నిన్న చేరిన ఇంటర్న్ అయినా సరే.

2024 మార్చిలో జరిగినదాన్నే చూడండి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్‌కి తన కంప్యూటర్‌లో లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చింది. అర సెకనే కదా అని వదిలేయకుండా తవ్వుకుంటూ పోతే, ఫైళ్ల సైజు కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో కావాలని దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. పెట్టినవాడు రెండేళ్లకు పైగా మంచివాడిలా పనిచేసి, ఆ ప్రాజెక్టులో నమ్మకం సంపాదించాడు. ఫ్రాయిండ్ తను చూసిందంతా మార్చి 29న అందరి ముందూ పెట్టేశాడు. ప్రపంచంలోని సర్వర్లలో చాలావాటికి చేరబోతున్న ఆ దొంగదారి అలా దారిలోనే ఆగిపోయింది. అతను ఏ కంపెనీ వాడు, ఎందుకు చెబుతున్నాడు అని ఎవరూ నిలదీయలేదు. ఆ అవసరం రాలేదు. కోడ్ అందరి ముందూ ఉంది, చెప్పింది నిజమో కాదో ఎవరికివారు చూసుకున్నారు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. చూసే వీలున్నచోట వాదన తేలుతుంది. చూసే వీలు లేనిచోట ఎవరి నమ్మకం వారిది, ఇక అది పార్టీ గొడవ కాక ఏమవుతుంది?

భూముల రికార్డుల పోర్టల్ ధరణి సంగతి మీకు నేను చెప్పాలా? 2020 అక్టోబరులో మొదలైనప్పటి నుంచి ఆ పోర్టల్ మీద జరిగినంత వాదన ఈ రాష్ట్రంలో ఇంకే సాఫ్ట్‌వేర్ మీదా జరగలేదు. అధికారంలోకి వస్తే దాన్ని బంగాళాఖాతంలో పడేస్తామని మీ పార్టీ అంది. అలా అనేవాళ్లనే బంగాళాఖాతంలో పడేయాలని అప్పటి ముఖ్యమంత్రి అన్నారు. ఎన్నికలు అయిపోయాయి. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ పేరు మారినంత తేలిగ్గా లోపలి డేటా మారదన్న సంగతి ఏ డెవలపర్‌ని అడిగినా చెబుతాడు. పాత రికార్డులో తప్పుంటే కొత్త తెర మీద కూడా అదే తప్పు కనబడుతుంది. ఇన్నేళ్ల వాదనలో ఏ మాడ్యూల్ ఎలా పనిచేస్తుంది, ఏ మార్పు ఎప్పుడు చేశారు, ఎందుకు చేశారు అన్నది జనం చూసుకునే వీలు ఎప్పుడైనా ఉందా? సభల్లో ఉపన్యాసాలు విన్నాం, అంతే. పట్టా పాస్‌బుక్‌లో విస్తీర్ణం తప్పు పడిన రైతుకి, అది ఆపరేటర్ టైపు చేసిన పొరపాటో, సాఫ్ట్‌వేర్ పొరపాటో తెలుసుకునే దారి లేదు. ఆఫీసులో వాళ్లు సిస్టమ్ తీసుకోవట్లేదంటారు. ఆ సిస్టమ్ ఎవరి మాట వింటుందో ఆయనకేం తెలుస్తుంది?

ఈవీఎంల విషయంలో కూడా ఇదే తంతు. ఓడినవాళ్లకి అనుమానం, గెలిచినవాళ్లకి నమ్మకం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ ప్రధాన పార్టీ ఎప్పుడు ఏ వైపు ఉందో చెప్పాలంటే, ఆ ఎన్నికల ఫలితం చూస్తే చాలు. 2010లో హైదరాబాద్ ఇంజనీరు ఒకాయన, ఇద్దరు విదేశీ పరిశోధకులతో కలిసి ఒక యంత్రాన్ని విప్పి, అందులోని బలహీనతలను చూపించారు. ఆ యంత్రం ఎక్కడి నుంచి వచ్చిందన్న కేసులో ఆగస్టులో ఆయన్ని అరెస్టు చేశారు. అదే ఏడాది అమెరికాలోని డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పురస్కారం ఇచ్చింది. 2013లో ఈవీఎంలకు కాగితపు రసీదు, అంటే వీవీప్యాట్, జోడించాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన చెప్పినదాంట్లో ఎంత నిజం ఉందన్నది ఇక్కడ పక్కన పెడుతున్నాను. అది చూసి చెప్పాల్సిన పని ఇంజనీర్లది. మన దగ్గర ముందు పోలీసులు వెళ్లారు.

ఇక నా సొంత అనుభవం. ఒక ప్రభుత్వ సేవలో నా సర్టిఫికెట్ చూసుకుంటుంటే, అడ్రస్ బార్ చివర ఒక నంబరు కనబడింది. పొరపాటున అందులో ఒక అంకె మారి ఎంటర్ పడింది. ఎవరిదో సర్టిఫికెట్ తెరుచుకుంది. పేరు, తండ్రి పేరు, ఇంటి అడ్రస్ అన్నీ ఉన్నాయి. మా రంగంలో ఇది చాలా పాతకాలపు బగ్, ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లని అడుగుతారు. సైట్‌లో ఉన్న ఈమెయిల్‌కి వివరంగా రాస్తే మెయిల్ తిరిగొచ్చింది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే అప్లికేషన్ నంబరు చెప్పమన్నారు. "నా అప్లికేషన్‌తో సమస్య లేదండీ, అందరి అప్లికేషన్లూ నాకు కనబడుతున్నాయి" అంటే, "అయితే మీ పని అయిపోయినట్టే కదా సార్" అన్నారు. ఆఫీసులో ఒక సీనియర్‌కి చెప్పాను. ఆయన బగ్ గురించి ఒక్క ముక్క అడగలేదు. "స్క్రీన్‌షాట్ తీశావా? డిలీట్ చెయ్" అన్నారు. పాతికేళ్ల అనుభవం ఉన్న మనిషికి అన్నిటికంటే ముందు తట్టింది ఆ టెన్షన్!

ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. మీరు వకీలుగా పనిచేసినవారు, నాకంటే బాగా తెలుసు. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం, యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోని సమాచారం చూడటమే తప్పు. దురుద్దేశంతోనో మోసపూరితంగానో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. ఉద్దేశం ముఖ్యమని చట్టమే చెబుతోంది కదా అనొచ్చు. ఎఫ్‌ఐఆర్ రాసే దశలో ఆ ఉద్దేశాన్ని ఎవరు చూస్తారు? కోర్టులో అది తేలేసరికి నా ఉద్యోగం ఉంటుందా, పాస్‌పోర్టు రెన్యూవల్ అవుతుందా? పైగా చట్టంలో లేని సెక్షన్ల కింద కూడా కేసులు నడిచిన దేశం మనది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే నేరమనే 66ఎ సెక్షన్‌ను 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ధర్మాసనంలో మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ కూడా ఉన్నారు. కొట్టేసిన ఆరేళ్లకు, 2021లో, ఇంకా దాని కింద కేసులు పెడుతున్నారని తెలిసి అదే సుప్రీంకోర్టు నివ్వెరపోయింది. అందుకే బగ్ చూపించినవాడి మీద తొందరపడి కేసు పెట్టొద్దని, స్టేషన్ దాకా చేరే స్పష్టమైన ఆదేశం కాగితం మీద ఉండాలంటున్నాను. సోషల్ మీడియా పోస్టులపై కేసు పెట్టే ముందు ఏం చూడాలో 2025 సెప్టెంబరులో మన హైకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. మాటకు ఆ మాత్రం రక్షణ దొరికింది. బగ్ చూపించినవాడికి ఇంకా లేదు.

2024లో పోలీసుల హాక్ ఐ యాప్ డేటా బయటికి పోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దాన్ని అమ్మకానికి పెట్టిన యువకుణ్ని మన సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఢిల్లీ వెళ్లి పట్టుకుంది. పట్టుకోవాల్సిందే. జనం వివరాలు అమ్ముకునేవాడి మీద నాకు ఏ జాలీ లేదు. నేను అడిగేది అంతకుముందు రోజుల గురించి. ఆ లోపం మంచి ఉద్దేశం ఉన్న ఇంకెవరి కంటపడినా, వాళ్లు పోయి ఎక్కడ చెప్పుకోవాలి? దొంగకి కొనేవాళ్లు దొరుకుతారు. మంచివాడికి వినేవాళ్లు దొరకడం లేదు.

బయట దేశాల్లో దీన్ని ఎలా చేశారో చూస్తే పెద్ద ఖర్చు కూడా కనబడదు. 2016లో అమెరికా రక్షణ శాఖ తన వెబ్‌సైట్లలో లోపాలు వెతకమని పిలిస్తే 1,400 మందికి పైగా పేర్లు నమోదు చేసుకున్నారు. 138 నిజమైన లోపాలు దొరికాయి. రక్షణ శాఖకే లేని భయం మన బర్త్ సర్టిఫికెట్ల సైట్‌కి ఎందుకో నాకు అర్థం కాదు. మంచి ఉద్దేశంతో చేసే భద్రతా పరిశోధన మీద కేసులు పెట్టబోమని 2022లో అక్కడి న్యాయశాఖ రాతపూర్వకంగా ప్రకటించింది. నెదర్లాండ్స్ ప్రభుత్వమైతే లోపం చూపించినవాళ్లకి ఒక టీషర్ట్ పంపుతుంది. డచ్ ప్రభుత్వాన్ని హ్యాక్ చేస్తే నాకు దక్కింది ఈ పనికిమాలిన టీషర్టేనని దాని మీద రాసి ఉంటుంది. దాని కోసం మా వాళ్లు ఎగబడతారు. డెవలపర్ల సంగతి మీకు తెలియంది కాదు, డబ్బు కంటే టీషర్ట్ మీద మోజు ఎక్కువ.

మన దేశంలోనూ దారి వేసి ఉంది. ప్రభుత్వ అప్లికేషన్ల సోర్స్ కోడ్‌ను తెరిచి ఉంచాలన్న విధానాన్ని కేంద్రం 2015లోనే తెచ్చింది. కరోనా కాలంలో కేంద్రం తెచ్చిన ఆరోగ్య సేతు యాప్ వచ్చిన కొత్తలో దాని మీద ఎన్ని అనుమానాలు, ఎంత రభస! రెండు నెలలు తిరగకముందే, 2020 మే 26న, దాని ఆండ్రాయిడ్ కోడ్‌ను, అందరూ చూసుకునేలా, గిట్‌హబ్ అనే సైట్‌లో పెట్టారు. లోపాలు చూపినవారికి బహుమతి ప్రకటించారు. అనుమానాలన్నీ ఆ రోజుతో తీరిపోయాయని నేననను. కానీ అప్పటిదాకా ఊహల మీద నడిచిన వాదన, ఆ తర్వాత ఫైళ్ల పేర్లు చెప్పుకుంటూ నడిచింది. మన రాష్ట్రం సంగతికొస్తే, 2016లోనే ఓపెన్ డేటా విధానం, సైబర్ సెక్యూరిటీ విధానం రెండూ తెచ్చుకున్నాం. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

కోడ్ తెరిస్తే దొంగలకి దారి చూపినట్టే కదా అని అధికారులు మీకు చెబుతారు. 1883లోనే కెర్కాఫ్స్ అనే డచ్ పండితుడు దీనికి జవాబు చెప్పాడు. పద్ధతి శత్రువుకి తెలిసిపోయినా వ్యవస్థ నిలబడాలి, రహస్యం తాళంచెవిలోనే ఉండాలి అన్నాడు. మీ బీరువాది గోద్రెజ్ తాళమని ఊరందరికీ తెలిస్తే ఏం, చెవి మీ మొలలో ఉంటే చాలు. పాస్‌వర్డ్‌లు, డిజిటల్ తాళంచెవులు కోడ్‌లోనే రాసిపెట్టుకునే అలవాటున్న వెండర్‌కి, అంటే సాఫ్ట్‌వేర్ చేసిచ్చే కంపెనీకి, మాత్రం కోడ్ తెరవాలంటే వణుకే. ఆ వణుకు మంచిది. టెండర్‌లోనే ఈ షరతు పెడితే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారు.

తెరిచినంత మాత్రాన అన్నీ బాగుపడతాయని కూడా నేను చెప్పను. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ బగ్ ఇంటర్నెట్‌లో సమాచారాన్ని భద్రంగా పంపడానికి ప్రపంచమంతా వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ కోడ్‌లో, అందరి కళ్లెదుటే, రెండేళ్లు ఉంది. ఎవరూ చూడలేదు. చూడటానికి జీతమిచ్చినవాళ్లూ దాదాపు లేరు. చూసే మనుషులను పెట్టకుండా కోడ్ తెరవడం ఫొటో కోసం చేసే పని అవుతుంది. అలాంటిది వద్దు.

కోడ్ తెరవడానికి సమయం పడుతుంది, వెండర్లతో పాత ఒప్పందాలుంటాయి, తెలుసు. కొత్త టెండర్ల నుంచి మొదలుపెట్టండి. సైబర్ సెక్యూరిటీ బ్యూరోకీ, ప్రతి పోలీస్ స్టేషన్‌కీ హోంశాఖ ద్వారా ఒక ఆదేశం ఇప్పించండి. లోపం చూసి, డేటా కాపీ చేసుకోకుండా, ఎవరికీ అమ్మకుండా, ప్రభుత్వానికి తెలియజేసినవారి మీద ఐటీ శాఖ నిపుణుల అభిప్రాయం తీసుకోకుండా కేసు నమోదు చేయొద్దని అందులో ఉండాలి. లోపాన్ని దిద్దాక, ఏం జరిగింది, ఎలా సరిచేశామన్నది తెలుగులో ఒక పేజీ రాసి సైట్‌లో పెట్టండి. అది ఉంటే ఆన్‌లైన్‌లో మేం కొట్టుకున్నా, కనీసం ఆ పేజీ ముందు పెట్టుకుని కొట్టుకుంటాం.

అన్నిటికంటే తేలికైనది ఒకటుంది. లోపం కనబడితే ఎవరికి చెప్పాలో తెలిపే సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ అనే చిన్న ఫైలు ప్రతి వెబ్‌సైట్‌లో ఎలా పెట్టాలో 2022లోనే ఒక అంతర్జాతీయ పత్రం వచ్చింది. ఆ ఫైలులో నాలుగు లైన్లు చాలు: ఒక ఈమెయిల్, ఒక గడువు తేదీ, మీ విధానం ఉన్న లింకు, ఏ భాషలో రాయొచ్చన్నది. టెండర్ అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. మీ శాఖ సైట్‌తోనే మొదలుపెట్టండి. భాష దగ్గర తెలుగు కూడా రాయించండి. ఆ ఈమెయిల్‌కి వచ్చినవి చదివే మనిషి ఒకరు ఉండేలా చూడండి. నా దగ్గర పంపాల్సిన మెయిల్ ఒకటి సిద్ధంగా ఉంది.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్,
హైదరాబాద్