మే నెలలో కరెంటు పోయేది కొరత వల్ల కాదు

సంపాదకులకు,

ఎండాకాలం రాత్రి హైదరాబాద్‌లో పది నిమిషాలు కరెంటు పోతే చాలు, "మళ్లీ కోతలు పెట్టారు" అంటూ వాట్సాప్ గ్రూపులు మోగిపోతాయి. మీ వార్తల్లోనూ చాలాసార్లు అదే ధోరణి. కాస్త లెక్క చూడండి. తెలంగాణ మొత్తం డిమాండ్ పీక్‌కి వెళ్లేది మేలో కాదు, యాసంగి వరికి బోర్లన్నీ నడిచే మార్చిలో. 2025 మార్చి 20న అది 17,162 మెగావాట్లకు చేరింది. మే వచ్చేసరికి వరి కోతలు అయిపోయి బోర్ల లోడు తగ్గుతుంది, అప్పుడు నగరం వంతు మొదలవుతుంది (2024 మే మొదటి వారంలో ఒక్క గ్రేటర్ హైదరాబాద్‌లోనే 4,300 మెగావాట్లు దాటింది). అంటే పైన కరెంటు ఉంది, చిక్కంతా మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే.

దానికి పగటి ఎండకన్నా రాత్రి ఉక్కే ఎక్కువ దెబ్బ. పగలు 42 డిగ్రీలు కాసినా రాత్రి చల్లబడితే ట్రాన్స్‌ఫార్మర్ వేడిని లాగే లోపలి నూనె కూడా చల్లబడుతుంది. ఇప్పుడు కాగిన స్లాబులు అర్ధరాత్రి దాటినా వేడి వదలవు, ఏసీలు తెల్లవారేదాకా ఆగవు, నూనెకి చల్లారే టైమే దొరకదు, పైగా లోడు ఎక్కువై ఫ్యూజు పోతుంది, లైన్‌మన్ వచ్చి వేసి వెళ్లిన కాసేపటికి మళ్లీ పోతుంది. (ఏసీ 18లో పెట్టి దుప్పటి కప్పుకునేవాళ్ల సంగతి ఇక్కడ ఎత్తను, దానికి ఇంకో ఉత్తరం కావాలి.)

చాలా పాత కనెక్షన్లలో కాగితం మీద మంజూరైన లోడు ఒక్క కిలోవాటే. ఒకటిన్నర టన్ను ఏసీ ఒక్కటే దాదాపు కిలోవాటున్నర లాగుతుంది. మా కాలనీలో పాత ఇళ్లు పడగొట్టి ఐదంతస్తులు లేపారు, ఫ్లాటుకి రెండు ఏసీలు పెట్టారు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం అదే పాతది. డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాల్సొస్తుందని లోడు పెంచుకోకుండా, రాత్రి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి లైన్‌మన్‌ని తిట్టడం అన్యాయం. అలాగని అధికారులకి తెలియదా అంటే, ఎవరు గరిష్ఠంగా ఎంత లాగారో మీటరు ప్రతి నెలా రికార్డు చేస్తూనే ఉంది. పోయిన మే లెక్కలు తీసి ట్రాన్స్‌ఫార్మర్ వారీగా డిసెంబరులోనే కూడుకుంటే, ఏది కూలబడుతుందో ముందే తెలిసిపోదా?

మీకూ ఒక మాట. గరిష్ఠ ఉష్ణోగ్రతని అంత పెద్ద అక్షరాల్లో వేస్తారు కదా, రాత్రి ఉష్ణోగ్రతని కూడా దాని పక్కనే అంతే పెద్దగా వేయండి. ఓవర్‌లోడులో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ల జాబితా అడిగి తెప్పించి, కాలనీ పేర్లతో సహా సిటీ ఎడిషన్‌లో అచ్చేయండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్